ద్రవిడోసారస్: పలకల బల్లా, తెడ్ల బల్లా?

ఒకే ఎముకలను చూసి ఒకరు నేల మీద ఆకులు మేసిన జంతువన్నారు, మరొకరు సముద్రంలో ఈదుతూ చేపలు పట్టిన జంతువన్నారు. పురాజీవ శాస్త్రంలో తగాదాలు కొత్త కాదు గానీ ఇంత దూరం పోయినవి తక్కువ. తమిళనాడులోని అరియలూరు ప్రాంతంలో దొరికిన ద్రవిడోసారస్ బ్లాన్‌ఫర్డి మీద ఈ వాదం నడుస్తోంది. 1979లో ఇది వీపున పలకలు నిలిచిన స్టెగోసార్‌గా లోకానికి పరిచయమైంది. 1990ల్లో అది స్టెగోసార్ కాదు, నాలుగు తెడ్లతో ఈదే ప్లీసియోసార్ అన్న మాట వచ్చింది. 2004లో ఆ మాటకూ అడ్డు తగిలింది. ఇప్పుడు ఒక పుస్తకంలో అది డైనోసార్, ఇంకో పుస్తకంలో సముద్ర సరీసృపం, మూడో పుస్తకంలో సందేహాస్పద నామం. ఎవరు ఏ ఎముక చూసి ఏమన్నారో విడదీసి చూస్తే తప్ప ఈ చిక్కు అర్థం కాదు.

సముద్రం ఉన్న చోటు

అదే తమిళనాడులో అవినాశి, కోయంబత్తూరు వైపు స్థిరపడ్డ తెలుగువారి కాళ్ల కింద ఉన్నది గట్టి స్ఫటిక శిల. భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ రూపు మారిన నైస్, చార్నొకైట్ రాళ్లు అవి. ఎంత లోతు తవ్వినా వాటిలో ఒక గవ్వ కనిపించదు. అవినాశి స్థలపురాణంలో నీటి జంతువు ఉంది. మొసలి మింగిన పిల్లవాణ్ణి సుందరమూర్తి నాయనారు పదికం అనే స్తోత్రం పాడి తిరిగి రప్పించాడని చెబుతారు. కానీ ఆ ఊరి రాళ్లలో మాత్రం నీటి జంతువు జాడ లేదు. దానికోసం కరూరు మీదుగా తిరుచ్చి దాటి, తూర్పున పెరంబలూరు, అరియలూరు పొలాల దాకా పోవాలి.

అక్కడ భూమి స్వభావమే వేరు. క్రెటేషియస్ యుగంలో, గోండ్వానా ఖండం చీలుతున్న రోజుల్లో, నేటి కావేరి పరీవాహక ప్రాంతంలోకి సముద్రం చొచ్చుకొచ్చింది. కోట్ల ఏళ్ల పాటు ముందుకొస్తూ వెనక్కి పోతూ ఇసుకను, బంకమట్టిని, సున్నపు బురదను పొరలుగా పేర్చింది. ఆ పొరలే ఉత్తత్తూరు, తిరుచిరాపల్లి, అరియలూరు వర్గాలు. నేడు సిమెంటు కర్మాగారాలు తవ్వుకుంటున్న సున్నపురాయి చాలావరకు ఆ సముద్రం వదిలి వెళ్లినదే.

ఈ పొరల మీద శాస్త్రజ్ఞుల చూపు పడి నూట ఎనభై ఏళ్లు దాటింది. కే, కన్‌లిఫ్ అనే ఇద్దరు ఇక్కడ సేకరించిన శిలాజాలను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లో వర్ణించాడు. హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డ్ భూమిని సర్వే చేసి 1862లో పొరల విభజన చేశాడు. తర్వాత ఫెర్డినాండ్ స్టోలిచ్కా, ఆ శతాబ్దం చివర్లో ఫ్రాంజ్ కోస్మాట్ ఇక్కడి అమ్మోనైట్లను ఒక్కొక్కటిగా వర్గీకరించారు. వైష్ణవుల ఇళ్లలో సాలగ్రామంగా పూజలందుకునే చుట్ట గవ్వ ఈ అమ్మోనైట్ జాతిదే. ఏ అమ్మోనైట్ ఏ పొరలో ఉందో తెలిస్తే పొర వయసు తెలుస్తుంది. అందుకే ఇక్కడ దొరికిన ఎముక ఏ కాలానిదన్న విషయంలో పెద్దగా తగాదా లేదు. ద్రవిడోసారస్ దొరికిన పొరకు కోస్మాట్ పేరు మీదుగా వచ్చిన కోస్మాటిసెరస్ అనే అమ్మోనైట్ గుర్తు. అంటే అది కొనియాసియన్ దశ, నేటికి సుమారు 8.9 నుంచి 8.6 కోట్ల ఏళ్ల కిందటిది. వయసు తేలింది గానీ జంతువు తేలలేదు.

1979 నాటి ప్రకటన

భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ శాఖకు చెందిన పి. యాదగిరి, కె. అయ్యసామి కలిసి 1979లో భారత భూవైజ్ఞానిక సంఘం పత్రికలో ఈ జంతువును ప్రకటించారు. యాదగిరి పేరు తెలుగు పాఠకులకు మరోచోట తగిలే ఉంటుంది. ఆదిలాబాదు వైపు యామనపల్లిలో దొరికిన కోటాసారస్‌కు 1988లో పేరు పెట్టింది ఆయనే. హైదరాబాదు బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టిన ఆ అస్థిపంజరాన్ని చూడని బడిపిల్లలు ఆ నగరంలో తక్కువ.

సిరనత్తం గ్రామం దగ్గర, తిరుచిరాపల్లి వర్గపు పొరల్లో దొరికిన ఎముకలకు ఎస్‌ఆర్ పాల్ అనే వరుసలో నంబర్లు ఇచ్చారు. ఒకటో నంబరు పుర్రెలో కొంత భాగం. జాతికి ఆధార నమూనా అదే. రెండోది పన్ను. ఆ తర్వాత త్రికాస్థి, ఇలియం, ఇస్కియం అనే నడుము ఎముకలు. ఆరోది పలకలు, ఏడోది తోక ముల్లు. పుర్రె ఇరవై సెంటీమీటర్ల చిన్నది. జంతువు మొత్తం మూడు మీటర్ల పొడవు ఉండవచ్చని అంచనా వేశారు. పుర్రె, పన్ను, నడుము, పలక, ముల్లు: స్టెగోసార్ అనడానికి కావలసిన గుర్తులన్నీ ఈ జాబితాలో కనిపిస్తాయి.

ప్రకటన పెద్దదే. స్టెగోసార్లు జురాసిక్ యుగం చివర్లో బాగా వర్ధిల్లి, క్రెటేషియస్ తొలి భాగంలో తగ్గిపోయి, ఆ తర్వాత కనపడకుండా పోయిన గుంపు. నిస్సందేహంగా గుర్తించిన ఆఖరి స్టెగోసార్లకూ సిరనత్తం పొరకూ మధ్య కోటి ఏళ్లకు పైగా ఖాళీ ఉంది. ద్రవిడోసారస్ నిజంగా స్టెగోసార్ అయితే, ఆ వంశం మిగతా లోకంలో అంతరించాక భారత భూభాగంలో మాత్రం బతికిందన్నమాట. దీనికి భూగోళం కూడా సాయం పలికింది. సరిగ్గా ఆ కాలానికే భారత ఫలకం మడగాస్కర్ నుంచి విడిపోతోంది. చుట్టూ నీరున్న భూఖండం మీద పాతకాలపు జంతువు ఒకటి మిగిలి ఉండడం ఊహకు బాగా అతికే కథ. అందువల్లే కాబోలు, మొదటి పదేళ్లూ ఈ గుర్తింపును ఎవరూ గట్టిగా ప్రశ్నించలేదు. ప్రపంచ స్టెగోసార్ల పట్టికల్లో ద్రవిడోసారస్ దర్జాగా చేరిపోయింది.

ఎదురుపక్షం జంతువు ఎలాంటిది

తర్వాతి వాదం అర్థం కావాలంటే ప్లీసియోసార్ ఒంటి నిర్మాణం కొంత తెలియాలి. అసలు వింత అంతా అందులోనే ఉంది.

ప్లీసియోసార్ పేరు 1821 నాటిది. ఇంగ్లండు దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ దగ్గర మేరీ ఆనింగ్ 1823 చివర్లో దాదాపు పూర్తి అస్థిపంజరాన్ని వెలికి తీసినప్పుడు ఆ మెడ పొడవు చూసి పారిస్‌లోని శాస్త్రజ్ఞుడు కువియేకు అనుమానం వచ్చింది. రెండు జంతువుల ఎముకలు అతికించారేమోనని ఆయన సందేహం. 1824లో భూవైజ్ఞానికుడు కోనిబేర్ లండన్ భూవైజ్ఞానిక సంఘంలో వివరించాక గానీ ఆ అనుమానం తీరలేదు. నలభై ఏళ్ల తర్వాత అమెరికాలో ఎడ్వర్డ్ కోప్ 1868లో ఎలాస్మోసారస్ అస్థిపంజరాన్ని కూర్చి, తలను తోక చివర పెట్టాడు. 1870లో జోసెఫ్ లైడీ ఆ తప్పు ఎత్తి చూపాడు. డెబ్బైకి పైగా వెన్నుపూసలున్న మెడను తోక అనుకోవడం మరీ అంత తెలివితక్కువ పనేమీ కాదు. అలాంటి మెడ ఉన్న జంతువు మరొకటి ఎవరికీ తెలియదు.

మెడ ఎందుకంత పొడుగన్నది ఇప్పటికీ తెగలేదు. హంసలా పైకెత్తి పట్టుకునేదన్న పాత బొమ్మలను వెన్నుపూసల అమరిక ఒప్పుకోదు. కిందికి వంచి అడుగున మేసేదని కొందరు, ఒళ్లు దూరంగా ఉంచి తలను మాత్రం చేపల గుంపులోకి దొంగతనంగా పంపేదని కొందరు. ఈత సంగతీ అంతే. రెండు జతల తెడ్లూ ఒకే తీరున ఉన్న వెన్నెముక జంతువు నేడు లేదు. తాబేలు, పెంగ్విన్, సీల్ ఎవరూ నాలుగింటినీ సమానంగా వాడరు. నీటిలో ఎగరడమని 1975లో జేన్ రాబిన్‌సన్ అంది. అంత ఎత్తుకు తెడ్లు లేవవని తర్వాతివాళ్లు వాదించారు. ముందు తెడ్లే పని చేసేవి, వెనకవి చుక్కాని అని 2015లో ఒక కంప్యూటర్ నమూనా తేల్చింది. రెండేళ్లకే సౌతాంప్టన్ బృందం నీటి తొట్టిలో యాంత్రిక తెడ్లు ఆడించి చూసింది. ముందు తెడ్డు రేపిన సుడిలో వెనక తెడ్డు సరైన లయలో కదిలితే దాని నెట్టుడు బలం 60 శాతం వరకు పెరిగింది. 2025లో జర్మనీలోని హోల్జ్‌మాడెన్ నమూనా ఒకటి చర్మం సంగతి బయటపెట్టింది. తోక దగ్గర నునుపు, తెడ్డు అంచున పొలుసులు.

ఇవన్నీ ఆసక్తికరమే గానీ మన వాదానికి కావలసింది వేరే. ప్లీసియోసార్‌కు పొట్ట కింద ఉన్న ఎముకలు. ఛాతీ దగ్గర కోరకాయిడ్లు, నడుము దగ్గర ప్యూబిస్, ఇస్కియం విపరీతంగా వెడల్పై, పలచబడి, పెద్ద పలకలుగా పరుచుకుని ఉంటాయి. తెడ్లను ఆడించే కండరాలకు అవి పట్టు. వాటి మధ్య పొట్ట పక్కటెముకలు బుట్ట అల్లికలా ఉంటాయి. తెడ్డును మోసే తొడ ఎముక కూడా పొట్టిగా, చివర వెడల్పుగా ఉంటుంది. ఈ జంతువు పొట్ట కింద పరుచుకున్న ఎముకల్లో ఏది విరిగి అరిగినా ఓ పలక ముక్క మిగులుతుందన్నమాట. స్టెగోసార్‌కు పలక వీపు మీద ఉంటే ప్లీసియోసార్‌కు పొట్ట కింద ఉంది. సిరనత్తం తగాదాకు మూలం ఇదే.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. 1877లో ఓ. సి. మార్ష్ మొదటి స్టెగోసారస్‌ను వర్ణించినప్పుడు దాన్ని నీటిలో ఉండే తాబేలు లాంటి జంతువేమో అనుకున్నాడు. పలకలు వీపు మీద పెంకుల్లా పడుకుని ఉంటాయని భావించాడు. అంటే స్టెగోసార్‌ను నీటి జంతువుగా పొరబడడం ఈ గుంపు పుట్టుక నాటి నుంచీ ఉంది.

1996: మరో విషయం మధ్యలో వచ్చిన ఖండన

టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయానికి చెందిన శంకర్ ఛటర్జీ 1990ల మొదట్లో సిరనత్తం స్థలాన్ని చూశాడు. కోల్‌కతా భారత గణాంక సంస్థకు చెందిన ధీరజ్ రుద్రతో కలిసి 1996లో క్వీన్స్‌లాండ్ మ్యూజియం ప్రచురణలో తన అభిప్రాయం ప్రకటించాడు. ఆ ఎముకలు బాగా శిథిలమైన ప్లీసియోసార్ అవశేషాలు, ముఖ్యంగా నడుము, వెనక కాలి భాగాలవి అని సారాంశం. స్టెగోసార్ అనదగ్గ పుర్రె గానీ పలక గానీ లేవని వాళ్ల మాట.

ఛటర్జీ మాటకు బరువుంది. గోదావరి లోయ శిలాజాలతో మొదలుపెట్టి దశాబ్దాలుగా భారతీయ సరీసృపాల మీద పనిచేసిన మనిషి. పైగా అతని వాదంలో సహజమైన తర్కం ఉంది. సముద్రపు పొర, అమ్మోనైట్ల మధ్య ఎముకలు. అక్కడ సముద్ర సరీసృపం ఉండడం మామూలు, స్టెగోసార్ ఉండడం వింత. వింతను నమ్మించే భారం వింత చెప్పినవాడిదే. అందుకే ఆ తర్వాత స్టెగోసార్ల మీద వచ్చిన సమీక్షల్లో చాలావరకు ఈ ఖండనను మారుమాట లేకుండా స్వీకరించాయి. 2008లో సుసన్నా మెయిడ్‌మెంట్ బృందం స్టెగోసార్ల వర్గీకరణను మొత్తంగా తిరగరాసినప్పుడు ద్రవిడోసారస్‌ను నమ్మదగిన స్టెగోసార్ల లెక్కలో ఉంచలేదు.

అయితే ఆ 1996 వ్యాసం అసలు విషయం ద్రవిడోసారస్ కాదు. డైనోసార్ల అంతర్ధానం, ఉల్కాపాతం, దక్కను లావా, భారత ఫలకం చీలికల మీద రాసిన సుదీర్ఘ వ్యాసం అది. ద్రవిడోసారస్ అందులో దారిలో తగిలిన ఒక సంగతి. ఒక జాతిని ఒక తరగతి నుంచి పీకి మరో తరగతిలో వేయాలంటే, ఇది ప్యూబిస్, ఇక్కడ దాని అంచు, ఇది తొడ ఎముక, ఇక్కడ దాని కీలు అని ఒక్కో నమూనా నంబరుకూ బొమ్మతో సహా చెప్పాలి. ఆ పని జరగలేదు. ఖండనలో బలం ఉంది గానీ విస్తారం లేదు. తర్వాతివాళ్లు ఖండన ఫలితాన్ని తీసుకున్నారే తప్ప దాని ఆధారాన్ని మళ్లీ తూచలేదు. నా దృష్టిలో ఈ చర్చ చెడింది ఇక్కడే.

2004: మూడో గొంతు

డైనోసార్ల మీద ప్రామాణిక గ్రంథం అనదగ్గ సంకలనం రెండో కూర్పు 2004లో వచ్చింది. అందులో స్టెగోసార్ల అధ్యాయం రాసినవారు పీటర్ గాల్టన్, పాల్ అప్‌చర్చ్. గాల్టన్ క్రెటేషియస్ స్టెగోసార్ల మీద 1981 నుంచీ రాస్తున్న మనిషి. 1979 పత్రంలో బొమ్మలు వేసిన పుర్రె, పలక మాత్రం ప్లీసియోసార్‌వి కావని వాళ్లు చెప్పారు. అలాగని దాన్ని స్టెగోసార్‌గా నెత్తిన పెట్టుకోనూ లేదు. నమూనాలను కొత్తగా వర్ణించాల్సిందే అన్నారు.

ఛటర్జీ, రుద్రలు ప్రధానంగా మాట్లాడింది నడుము, వెనక కాలి భాగాల గురించి. గాల్టన్, అప్‌చర్చ్‌లు మాట్లాడింది పుర్రె, పలక గురించి. ఇద్దరూ ఒకే పేరు మీద వాదించినట్టున్నా ఒకే ఎముక మీద వాదించలేదు. రెండు పక్షాల మాటలోనూ కొంత నిజం ఉండే వీలుంది. ఆ ఏడు నంబర్లలో కొన్ని ఒక జంతువువి, కొన్ని మరో జంతువువి అయితే సరి. పలచటి సముద్రంలో అలలు, ప్రవాహాలు ఎముకలను కలగలిపే చోట ఇది అసాధ్యమేమీ కాదు. అదే నిజమైతే ద్రవిడోసారస్ అన్న పేరు ఆధార నమూనా వెంట, అంటే పుర్రె వెంట పోతుంది. మిగతావి ఏమైనా కావచ్చు. పుర్రె ఎవరిదన్న ప్రశ్న ఒక్కటే నామకరణ నియమాల ప్రకారం లెక్కలోకి వస్తుంది. ఈ సంగతిని రెండు పక్షాలవారూ తగినంత నొక్కి చెప్పలేదు.

ఎముకకు ఎముక

సిద్ధాంతపరంగా చూస్తే ఈ రెండు జంతువులను వేరు చేయడం కష్టం కాకూడదు. పన్ను చాలు. ప్లీసియోసార్ పన్ను సూదిమొన లాంటి శంకువు, మీద నిలువు గీతలు, ఒంపు. చేపను గుచ్చి పట్టడానికి పనికొచ్చేది. స్టెగోసార్ దవడ పన్ను చిన్న ఆకులా ఉంటుంది, అంచున పళ్లు పళ్లుగా గీట్లు. ఒకదాన్ని చూసి మరొకటి అనుకోవాలంటే సగం అరిగిపోయి ఉండాలి.

నడుము దగ్గరకు వస్తే తేడా ఇంకా పెద్దది, ఎముక పూర్తిగా ఉంటే. స్టెగోసార్ త్రికాస్థిలో పూసలు, వాటి పక్కటెముకలు కలిసిపోయి ఒకే గట్టి పలకలా ఉంటాయి. ఇలియం ముందుకు, పక్కకు పొడుగ్గా సాగుతుంది. ఇస్కియం వెనక్కి పోయే కడ్డీ. ప్లీసియోసార్‌కు ఇలియం చిన్న కడ్డీ, వెన్నుతో దాని బంధం వదులు. ఇస్కియం గొడ్డలి ఆకారపు వెడల్పు పలక. ఒకదానిలో కడ్డీ అయినది మరోదానిలో పలక, ఒకదానిలో పలక అయినది మరోదానిలో కడ్డీ. ఇంత తలకిందులుగా ఉన్న రెండు నిర్మాణాల మధ్య పొరపాటు ఎలా వస్తుందంటే, అంచులు పోయినప్పుడు వస్తుంది. అంచు పోయిన ఇస్కియానికీ అంచు పోయిన త్రికాస్థికీ వెడల్పు, పలచన మాత్రమే మిగులుతాయి. సిరనత్తం నమూనాలు శిథిలమైనవని ఛటర్జీ, రుద్రలు చెప్పనే చెప్పారు.

వీపు పలక విషయంలో ఆకారం కన్నా లోపలి నిర్మాణం నమ్మదగ్గది. వీపు పలక చర్మంలో పుట్టే ఎముక. దానిలో చర్మపు నార పోగుల ఆనవాళ్లు ఖనిజంగా మారి ఉంటాయి. స్టెగోసార్ పలకలో పలచటి పై పొర, లోపల గుల్ల, మధ్య రక్తనాళాల గొట్టాలు. నడుము పట్టీ ఎముక మృదులాస్థి నుంచి పెరిగేది. దానికి ఆ నార పోగుల అమరిక ఉండదు. గోరంత ముక్క కోసి, గాజుపలక మీద అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే పలక చర్మానిదో నడుముదో తేలే అవకాశం ఎక్కువ. ఆకారం చూసి దశాబ్దాలు వాదించుకునే కన్నా ఇది సులువు.

సముద్రపు పొరలో నేల జంతువా?

ప్లీసియోసార్ పక్షానికి ఉన్న అతి సహజమైన వాదన దొరికిన చోటు. ఆ సముద్రంలో సరీసృపాలు ఉండేవన్నది నిజం. ఉత్తత్తూరు వర్గంలో దొరికిన వెన్నుపూసలకు లిడెకర్ 1879లోనే ఇక్థియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. అదే పొరల్లో సొరచేపల పళ్లతో పాటు ఇక్థియోసార్ పళ్లు దొరికాయని 2011లో అండర్‌వుడ్, అంజలి గోస్వామి, గుంటుపల్లి వి. ఆర్. ప్రసాద్ తదితరులు ప్రకటించారు.

అయితే ఈ వాదన అనుకున్నంత గట్టిది కాదు. కవచం మోసే డైనోసార్ల గుంపుకు సముద్రపు పొరల్లో దొరకడం ఒక అలవాటుగానే ఉంది. ఇంగ్లండులో స్కెలిడోసారస్ దొరికినది సముద్రపు పొరలోనే. ఆస్ట్రేలియాలోని కున్‌బారాసారస్ కూడా అంతే. కెనడాలోని ఆల్బర్టాలో 2011లో ఒక గనిలో బయటపడ్డ బోరియాలోపెల్టా తీరానికి దూరంగా సముద్రపు అడుగున పూడిపోయింది, చర్మపు కవచంతో సహా. నదిలో కొట్టుకొచ్చిన కళేబరం పొట్ట ఉబ్బి తేలుతూ పోయి, పగిలి మునిగితే జరిగేది ఇదే. అరియలూరు ప్రాంతపు సముద్రంలోకి నేల మీది వస్తువులు చేరడం కొత్త కాదు. పెరంబలూరు దగ్గర సాత్తనూరులో రాయిగా మారిన చెట్టు మాను పద్దెనిమిది మీటర్ల పొడవున పడి ఉంది. అది కూడా సముద్రపు పొరల్లోనిదే. చెట్టు కొట్టుకు రాగా లేనిది మూడు మీటర్ల జంతువు రాకూడదా?

అంటే దొరికిన చోటు స్టెగోసార్ వాదాన్ని కొట్టివేయదు, నిలబెట్టనూ నిలబెట్టదు. కోటి ఏళ్ల ఖాళీ సంగతీ అలాంటిదే. సీలకాంత్ చేప ఆరున్నర కోట్ల ఏళ్లు శిలాజాలలో కనపడకుండా పోయి 1938లో వలలో పడింది. ఖాళీ ఉండడం అనుమానానికి కారణం అవుతుంది గానీ సాక్ష్యం కాదు.

ఈ నేల మీద పాత పొరపాట్లు

అయినా ద్రవిడోసారస్‌ను అనుమానించినవారిని తప్పుపట్టలేం. కవచం ఉన్న డైనోసార్ అన్న మాట భారతదేశంలో ఇదివరకే చాలాసార్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. జబల్‌పూరులో దొరికిన లామెటాసారస్‌ను 1923లో చార్లెస్ మాట్లీ కవచపు డైనోసార్‌గా ప్రకటించాడు. 1935లోనే చక్రవర్తి అనే శాస్త్రజ్ఞుడు దాన్ని ప్రశ్నించాడు. చివరికి మాంసాహారి కాళ్లూ నడుమూ, మరో జంతువు పెంకులూ ఒకే పేరు కింద కలిపేశారని తేలింది. మన కోటా పొరల్లో, యామనపల్లి దగ్గర దొరికిన పెంకులను కవచపు డైనోసార్లైన ఆంకిలోసార్లవని 2002లో నాథ్, యాదగిరి, మొయిత్రా ప్రకటించారు. గాల్టన్ 2019లో సమర్థించాడు. మరుసటి ఏడే రేవెన్, బారెట్, మెయిడ్‌మెంట్ ఆంకిలోసార్ అనడానికి ఆధారం లేదన్నారు.

అరియలూరుకే చెందిన మరో కథ ఇంకా పెద్దది. యాదగిరి, అయ్యసామి జంటే 1980ల చివర్లో కల్లమేడు దగ్గర దొరికిన భారీ ఎముకలకు బృహత్కాయోసారస్ అని పేరు పెట్టారు. కాలి ఎముక ఒక్కటే రెండు మీటర్లు. మొదట మాంసాహారి అన్నారు. తర్వాత ఛటర్జీ తదితరులు పొడుగు మెడ సారోపాడ్ అన్నారు. ఆపైన అది ఎముకేనా, రాతి మానా అని అడిగినవారూ ఉన్నారు. నమూనాలు శిథిలమై పోయాయి గనుక తూచి చెప్పే వీలు పోయింది. 2022లో పాల్ అనే పరిశోధకుడు, అయ్యసామి పాత ఫొటోలు బయటపెట్టాక ఎముకే అన్న నమ్మకం కలిగింది. ఫొటో మీద ఎంతని తీర్పు చెబుతాం?

ఆ కల్లమేడు పొరలోనే దొరికిన ఇంకో ముక్కను స్టెగోసార్ వీపు పలక అనుకున్నారు. అదే నిజమైతే స్టెగోసార్లు డైనోసార్ల ఆఖరి రోజుల దాకా బతికాయనుకోవాలి. 2017లో గాల్టన్, అయ్యసామి కలిసి ఆ ముక్కను మళ్లీ పరిశీలించి అది వీపు పలక కాదు, సారోపాడ్ ఎముక భాగమని రాశారు. ద్రవిడోసారస్‌ను ప్రకటించిన ఇద్దరిలో ఒకరు, దాని పుర్రె, పలక ప్లీసియోసార్‌వి కావన్న ఇద్దరిలో ఒకరు కలిసి తమ పక్షానికి అనుకూలమైన సాక్ష్యాన్నే తీసి పక్కన పెట్టారు. ఈ చర్చ మొత్తంలో నాకు అన్నిటికన్నా మర్యాదగా తోచిన అడుగు ఇది. సిరనత్తం ఎముకలకూ ఆ మర్యాదే కావాలి.

తేలినదెంత, తేలనిదెంత

పొర వయసు తేలింది. ఆ పొర సముద్రానిదని తేలింది. సేకరించినవాటిలో కనీసం కొన్ని ఎముకలు ప్లీసియోసార్‌వి అయ్యే అవకాశం గట్టిగానే ఉందని స్థలం చూసినవారి మాట. పుర్రె, పలక మాత్రం ఆ లెక్కలో ఇమడవని స్టెగోసార్లను బాగా ఎరిగినవారి మాట. స్టెగోసార్ పక్షం దగ్గర ఆధార నమూనా ఉంది, నేటి ప్రమాణాలకు తగిన వర్ణన లేదు. ప్లీసియోసార్ పక్షం దగ్గర తర్కం ఉంది, నమూనా నంబర్ల వారీ నిరూపణ లేదు. మిశ్రమం అన్న మూడో దారిని ఎవరూ చివరంటా నడిచి చూడలేదు. ఇప్పుడున్న సాక్ష్యంతో ద్రవిడోసారస్‌ను స్టెగోసార్ అని పాఠ్యపుస్తకాల్లో రాయడం తొందరపాటు. ప్లీసియోసార్ అని రాయడమూ తొందరపాటే.

చేయవలసిన పని కొత్తదేమీ కాదు. ఎస్‌ఆర్ పాల్ ఒకటి నుంచి ఏడు దాకా ఉన్న నమూనాలలో నేటికి మిగిలినవాటన్నిటికీ త్రిమితీయ స్కానింగ్ జరగాలి. పుర్రెకు సీటీ తీయాలి. పలక నుంచి, ఇస్కియం నుంచి పలచటి కోతలు తీసి ఎముక కణజాలం చూడాలి. ఆ ఫలితాలను చిత్రాలతో సహా అందరికీ అందుబాటులో పెట్టాలి. సిరనత్తం చుట్టుపక్కల పొరల్లో మళ్లీ వెతకాలి, పొలాలు చదునై గనులు విస్తరించక ముందే. బృహత్కాయోసారస్ ఎముకలు మనకు దక్కలేదు. చేతిలో ఉన్న పుర్రెనైనా సర్వేక్షణ శాఖ వెంటనే పరిశీలనకు తెరవాలి.